మా నాన్న ఈసీజీకి లామినేషన్

ఇది ఒక మహాకావ్యం. ఇందులో గుండె ఉంది, మెదడు ఉంది, నెత్తురు ఉంది, రెండు ఆసుపత్రులు, వాటి మధ్య ఒక ఫ్లైఓవర్, ఒక కొడుకు చేసిన ద్రోహం కూడా ఉన్నాయి. చదవడం మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగినా లేవరు.

కాదులెండి. లేచి పాలు చూసుకోండి. ఇది ఒక కాగితం గురించి. జానెడు వెడల్పు, సన్నటి గులాబీరంగు గళ్ళు, వాటి మీద నల్లటి గీత. అంతే.

ఏదో తేడా వచ్చిందని మాకు తెలిసిన రోజు, మా నాన్న క్లాసు మధ్యలో ఐదు నిమిషాలు బ్రేక్ ఇచ్చాడు.

అందులో ఏముంది అనిపిస్తుంది. అశోక్‌నగర్‌లో ప్రతి మేడ మీదా ఒక కోచింగ్ సెంటర్, ప్రతి కోచింగ్ సెంటర్ కింద ఒక జిరాక్స్ షాపు, మధ్యలో మెట్ల మీద ప్రభుత్వోద్యోగం కోసం ఎదురుచూసే జనం ఉంటారు. నేనూ ఆ మెట్ల మీదివాణ్ణే. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. అంటే నిరుద్యోగమే, కాకపోతే సిలబస్ ఉంటుంది. మా నాన్న సుదర్శన్ సార్ అక్కడే మూడో అంతస్తులో పాలిటీ చెప్తాడు. చెప్పేవాడు. రాజ్యాంగంలో ఏ ఆర్టికల్ అడిగినా నిద్రలో చెప్పగలడు, ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో మెలకువలో కూడా చెప్పలేడు. కరెంటు పోయి మైకు ఆగిపోయినా ఆయన గొంతు కింద జిరాక్స్ షాపు దాకా వినపడేది. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా మధ్యలో ఆపి కూర్చోలేదు.

అందుకే ఆయన కుర్చీ లాక్కుని "ఐదు నిమిషాలు బ్రేక్" అనగానే క్లాసులో ఒక్కరూ లేవలేదట. ఒకమ్మాయి కిందికి పరుగెత్తుకొచ్చి నాకు చెప్పింది.

"అన్నా, సార్ బ్రేక్ ఇచ్చిండు."

"ఏమైంది?"

"తెల్వదు. బ్రేక్ ఇచ్చిండు."

నాన్నేమో "ఏం గాలేదురా, మెట్లెక్కితే జర ఆయాసం" అన్నాడు. అమ్మ వినలేదు. మర్నాడు పొద్దున నారాయణగూడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

నాలుగంతస్తుల ఆసుపత్రి. లోపలికి వెళ్ళగానే గోడ నిండా బ్యానర్: 'కాగితం లేని ఆసుపత్రి దిశగా'. బ్యానర్ కింది కౌంటర్‌లో మాకు ఐదు కాగితాలిచ్చారు. పేరూ వయసూ కంప్యూటర్‌లో ఒకసారి, పక్కనే పొడుగాటి రిజిస్టర్‌లో ఇంకోసారి రాసుకున్నారు. రెండెందుకని అడిగితే "సిస్టమ్ ఆగిపోతే ఇది, ఇది పోతే సిస్టమ్" అన్నాడతను. అప్పుడు నవ్వొచ్చింది.

పైకి పంపించి ఈసీజీ తీశారు, 2డీ ఎకో తీశారు. కార్డియాలజిస్ట్ పెద్దాయన, నెమ్మదస్తుడు. ఈసీజీ కాగితాన్ని దీపానికి పట్టినట్టు పైకెత్తి చూశాడు.

"కంగారేం లేదు మాస్టారూ. గుండెలో కరెంట్ వెళ్ళే తీగలో ఒక పక్క చిన్న అడ్డు ఉంది. ఎప్పట్నుంచో ఉండుంటుంది. ఎకో నార్మల్‌గా ఉంది. మాత్ర రాస్తాను, ఆర్నెల్లకి మళ్ళీ రండి. ఈ ఈసీజీ మాత్రం జాగ్రత్త. రేపెప్పుడైనా ఇంకో చోటికి వెళ్తే ముందు ఇది చూపించండి. వాళ్ళు దీంతో పోల్చుకుంటారు."

చెప్పినదంతా ఆ ఈసీజీ కాగితం అంచునే పెన్నుతో రాశాడు. మాత్రల చీటీ మీద మాత్రలు మాత్రమే రాశాడు.

ఆయన పక్కన కంప్యూటర్ ముందు ఒక కుర్ర ఆపరేటర్ ఉన్నాడు. డాక్టర్ పెన్నుతో రాసేవన్నీ టైపు చేయడం అతని పని.

"సార్, డయాగ్నోసిస్?"

"ఎల్‌బీబీబీ." ఆ తీగలో అడ్డుకి డాక్టర్ల పొట్టిపేరు.

కొట్టాడు. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాడు. "లిస్టుల లేదు సార్."

"పూర్తి పేరుతో ఉంటుందేమో చూడవయ్యా."

"పూర్తి పేరేంది సార్?"

అప్పటికి డాక్టర్ తర్వాతి పేషెంట్ చెయ్యి పట్టుకున్నాడు. "ఏదో ఒకటి పెట్టు. బయట నలభై మంది ఉన్నారు."

"ఖాళీ పెడితే సేవ్ అయితలేదు సార్."

డాక్టర్ నాడి లెక్కపెడుతున్నాడు. ఆపరేటర్ లిస్టును పై నుంచి కిందికి, కింద నుంచి పైకి దొర్లించి, మొదట్లో ఉన్న 'జనరల్ చెకప్' నొక్కాడు. కింద రిజల్ట్ అన్న గడి ఉంది. ఎకో చూసి 'నార్మల్' పెట్టాడు. పచ్చటి టిక్కు వచ్చింది. నాన్న అవతల చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. నేను ఇదంతా కళ్ళారా చూశాను. చూసి ఏం చేశానంటే, వెళ్ళి జోకేశాను.

"నాన్నా, నీకు రోగం లేదంట. కంప్యూటర్ ఒప్పుకుంటలేదు."

నాన్న పెద్దగా నవ్వాడు. "గా కంప్యూటర్‌ను మన క్లాసుల కూసొబెట్టాలెరా."

ఇక నా వంతు.

మా దగ్గర కాగితం పుట్టగానే లామినేషన్ చేయిస్తాం. కులం, ఆదాయం, నివాసం, మార్కుల మెమోలు, అన్నీ. వెరిఫికేషన్‌కి వెళ్ళినప్పుడు చినిగిన కాగితం చూపిస్తే ఉద్యోగం పోతుందని అశోక్‌నగర్‌లో అందరి భయం. ఉద్యోగం రావడం సంగతి తర్వాత. డాక్టర్ "జాగ్రత్త" అన్నాడు కదా. అమ్మ కూడా అన్నది: "చెమట చేతులతోని పట్టుకుంటే పాడైతది బిడ్డా, మంచిగ చేపిచ్చుకరా." ఫోన్‌లో ఫోటో తీద్దామనుకున్నాను. లామినేషన్ అయ్యాక నీట్‌గా వస్తుంది కదా అని ఆగాను.

మా మెట్ల కింది జిరాక్స్ షాపుకి, యాదగిరన్న దగ్గరికి వెళ్ళాను. అన్న హాల్‌టికెట్ల ప్రింట్లలో మునిగి ఉన్నాడు. నాకు ఆ షాపు ఇల్లులాంటిది కాబట్టి నేనే కవర్‌లో పెట్టి, నేనే మెషిన్‌లోకి తోశాను. ఇటు నుంచి గులాబీరంగు కాగితం వెళ్ళింది. అటు నుంచి నల్ల పలక వచ్చింది. గీత లేదు, గళ్ళు లేవు, డాక్టర్ రాసింది లేదు. నిగనిగలాడుతూ, అంచులు చక్కగా, కన్నీళ్ళు పడ్డా తడవకుండా.

యాదగిరన్న తల తిప్పి చూశాడు. "అరే తమ్మీ! గది థర్మల్ కాయిదంరా! వేడి తగిల్తే నల్లగైతది. ఒక్క మాట నన్నడిగితే ఏం పోయె?"

"మళ్ళీ తెల్లగైతదా అన్నా?"

అన్న నా మొహం చూసి, జోకనుకుని నవ్వాడు. అది జోక్ కాదు.

అయినా నేను పెద్దగా భయపడలేదు. ఈ కాలం పిల్లవాణ్ణి, నాకో నమ్మకం ఉంది: కాగితం పోతే ఏం, కంప్యూటర్‌లో ఉంటుంది. ఆ మధ్యాహ్నమే నారాయణగూడ వెళ్ళి కౌంటర్‌లో అడిగాను.

"సిస్టమ్‌ల ఈసీజీ లేదు. 'రిపోర్ట్ ఇవ్వబడినది' అని ఉంది" అన్నాడు.

"ఇచ్చారు. పాడైంది. ఇంకో ప్రింట్ కావాలి."

"ప్రింట్ మా దగ్గర లేదు. పేషెంట్‌ని తీసుకరా, ఇంకోటి తీస్తరు."

పేషెంట్‌ని తీసుకెళ్ళాలంటే పేషెంట్‌కి చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా "కాగితం విలువ తెలిసినవాడికే ఉద్యోగం" అని క్లాసు చెప్పే మనిషికి, ఆయన గుండెనే నేను కాల్చి తెచ్చానని చెప్పాలి. ఆర్నెల్లకి ఎలాగూ కొత్తది తీస్తారు కదా అనుకున్నాను. ఆ నల్ల పలకను ఫైల్లో అన్నిటికంటే అడుగున పెట్టేశాను.

ఐదో నెలలో, ఒక శనివారం సాయంత్రం, క్లాసు అయ్యాక నాన్నకి ఛాతీలో నొప్పి వచ్చింది. చెమటలు పట్టాయి. స్టూడెంట్లు ఆటోలో వేసుకుని, దగ్గర కదా అని చిక్కడపల్లిలో ఒక నర్సింగ్ హోమ్‌కి తెచ్చారు. నారాయణగూడ ఆసుపత్రి అక్కడికి ఫ్లైఓవర్ అవతలే, కానీ శనివారం సాయంత్రం ఫ్లైఓవర్ అవతల అంటే వేరే జిల్లా కింద లెక్క. నేను ఇంటి నుంచి ఫైలు పట్టుకుని పరుగెత్తాను.

డ్యూటీ డాక్టరమ్మ నా వయసుదే ఉంటుంది. చేతిలో అప్పుడే తీసిన ఈసీజీ ఉంది.

"పాత ఈసీజీ ఉందా? అర్జెంట్."

నాన్న ఆక్సిజన్ మాస్క్ కొంచెం పక్కకి జరిపి, అంత నొప్పిలోనూ కాస్త గర్వంగా అన్నాడు: "ఉంది మేడం. మావోడు అన్నీ ఫైల్ జేసి పెట్టిండు. మా ఇంట్ల ఒక్క కాయిదం పోదు."

ఆమె ఫైలు తిప్పింది. అడుగుకి వచ్చింది. నల్ల పలక బయటికి తీసింది. ట్యూబ్‌లైట్ అందులో స్పష్టంగా కనపడుతోంది.

"ఏంటిది?"

"ఈసీజీ మేడం."

నాన్న తల తిప్పి దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏందిరా ఇది?"

దేనికైనా ఏదో ఒకటి అనే నోరు నాది. ఆ ప్రశ్నకి జవాబివ్వలేదు.

డాక్టరమ్మ నారాయణగూడకి ఫోన్ చేసింది. పెద్ద డాక్టర్ ఊళ్ళో లేడు. కౌంటర్‌లో ఎవరో కంప్యూటర్ చూసి చదివారు. ఫోన్ పెట్టేసి నన్ను పక్కకి పిలిచింది.

"వాళ్ళ రికార్డులో జనరల్ చెకప్, నార్మల్ అని ఉంది. ఇప్పుడు ఎల్‌బీబీబీ ఉంది. అంటే ఇది కొత్తగా వచ్చింది. నొప్పి కూడా ఉంది కాబట్టి హార్ట్ ఎటాక్ కిందే తీసుకోవాలి. క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి."

"మేడం, ఆ రోజు కూడా ఆ బీబీబీ అన్నారు. అది ఎప్పట్నుంచో ఉందన్నారు."

"ష్యూరా? కరెక్ట్‌గా ఇదే అన్నారా?"

నాకు రాజ్యాంగంలో ప్రతి షెడ్యూలూ కంఠతా వచ్చు. ఒక్క నాలుగక్షరాల మాట దగ్గర తడబడ్డాను. "అనుకుంటున్నా మేడం" అన్నాను.

ఆమె నల్ల పలక నా చేతికిచ్చేసింది. ఒక పక్క కంప్యూటర్ చెప్పిన 'నార్మల్'. ఇంకో పక్క చేతిలో నల్ల పలకతో ఒక నిరుద్యోగి. నేనైనా కంప్యూటర్‌నే నమ్ముతాను.

"లేట్ అయితే గుండె పాడైపోతుంది. ఎక్కడో ఒకరికి బ్రెయిన్‌లో బ్లీడ్ అయ్యే రిస్క్ ఉంది. సంతకం చేయండి."

చేశాను. ఆమె తప్పేం లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఆమె మీద కోపం రావడం లేదు. వస్తే కొంచెం తేలికగా ఉండేది.

ఇంజెక్షన్ అయ్యాక పెద్దాసుపత్రికి పంపించారు. అంబులెన్స్‌లో నాన్న నాతో ఏదో చెప్పబోయాడు. మాటకి బదులు ముద్దగా ఒక శబ్దం వచ్చింది. మూతి ఒక పక్కకి జారింది. కుడిచెయ్యి పట్టుకుంటే, పట్టుకున్నది నేనొక్కణ్ణే.

దిగగానే సీటీ తీశారు. "బ్లీడ్ ఉంది. ఎడమ వైపు. స్పీచ్ ఏరియా" అన్నాడు న్యూరో డాక్టర్. మధ్యలో ఐసీయూ ఖాళీ లేక ఇంకో ఆసుపత్రికి మార్చాల్సి వచ్చింది. సీటీ స్కాన్ సీడీలో ఇచ్చారు. రెండో చోట కంప్యూటర్లన్నీ కొత్తవి, వాటికి సీడీ పెట్టే చోటే లేదు. మళ్ళీ సీటీ తీశారు. అక్కడ నాన్నకి కొత్త నంబర్, కొత్త బార్‌కోడ్. ఫోన్‌లో ఉన్న హెల్త్ ఐడీ చూపించాను. స్కాన్ చేస్తే పేరు, పుట్టినతేదీ, ఫోటోతో సహా వచ్చాయి. లోపల రికార్డుల చోట ఏమీ లేదు. ఏ ఆసుపత్రీ అందులో ఏదీ ఎక్కించలేదు. మనిషిని పక్కాగా గుర్తుపట్టింది, అంతే. ఏ మాత్రలు వేసుకుంటాడు, ఏమేం పడవు, ఆ కథంతా షిఫ్టు మారినప్పుడల్లా నేనే మొదటి నుంచి చెప్పేవాణ్ణి. పదకొండోసారి చెప్తుంటే అమ్మ అన్నది: "నువ్వు గింత శ్రద్ధగ సదివితే జాబ్ వచ్చేది."

ముక్కులో గొట్టం. న్యుమోనియా. అది తగ్గాక జ్వరం. మూడు వారాలకి వార్డులోకి వచ్చాక గుండె డాక్టర్ చల్లగా చెప్పాడు: "ఎంజైమ్స్ అన్నీ నార్మల్. ఎకో నార్మల్. హార్ట్ ఎటాక్ కాదండీ. ఆ ఎల్‌బీబీబీ పాతదే అయ్యుండాలి. పాత ఈసీజీ ఒక్కటి ఉండుంటే ఆ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళే కాదు."

"మరి ఆ నొప్పి సార్?"

"గ్యాస్ అయ్యుండొచ్చు. ఆ రోజు ఏమైనా తిన్నారా?"

తిన్నాడు. క్లాసు అయ్యాక, అశోక్‌నగర్ మూల మీద, మిర్చీబజ్జీలు.

డిశ్చార్జ్ అయ్యాక, పాత రికార్డులు ఏవైనా దొరికితే తెమ్మని గుండె డాక్టర్ అంటే నారాయణగూడ వెళ్ళాను. ఈసారి కౌంటర్‌లో ఆగలేదు. మెట్లెక్కి పైకి, ఈసీజీ గదికి వెళ్ళాను. ఆ రోజు నాన్నకి తీసిన టెక్నీషియన్ సునీతక్క ఉంది. జరిగింది చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"నువ్వు కాయిదం పాడైన రోజు పైకెందుకు రాలే తమ్ముడూ?"

"కౌంటర్‌లో లేదన్నారు కదక్కా."

"ఆల్ల సిస్టమ్‌ల లేదు. నా మెషిన్‌ల ఉంటది. ఆఖరు రెండొందలు దాచిపెడ్తది. బటన్ ఒత్తితే మళ్ల ప్రింట్ అయితది. గా రోజు వచ్చుంటే నిమిషంల ఇస్తుంటి."

నేను మెషిన్ దగ్గరికి జరిగాను.

"ఇప్పుడక్కా?"

ఆమె మెషిన్ వైపు చూడను కూడా చూడలేదు. "ఐదు నెల్లాయె. వారం దినాలకే మీదికెల్లి కొత్తయి పడ్తయి."

కాగితం ఉంది. నేను కౌంటర్‌లో నిలబడి అడిగిన ఆ మధ్యాహ్నం నా నెత్తి మీద మూడంతస్తుల పైన ఉంది. కింద వాడికి తెలియదు. పైనున్న ఆమెని ఎవరూ అడగలేదు.

"మరి ఈ మెషిన్‌ని కంప్యూటర్‌కి ఎందుకు కలపలేదక్కా?"

ఆమె నవ్వింది. నవ్వని చెప్పలేం. "మెషినోడు అంటడు, సాఫ్ట్‌వేరోడు తలుపు తెరవాలె అని. సాఫ్ట్‌వేరోడు అంటడు, మెషినోడు మా పద్ధతిల పంపాలె అని. వాని ఫైలు ఈనికి తెరుసుకోదు, ఈనిది వానికి తెల్వదు. ఇద్దరి నడుమ నేను కాయిదం పట్టుకోని మెట్లెక్కుత, దిగుత. కేబుల్ సుత వచ్చింది." బీరువా మీద అట్టపెట్టె చూపించింది. టేపు కూడా విప్పలేదు. "మా పెద్దసార్ కీబోర్డ్ ముట్టడు. ఆపరేటర్‌కు రోగాల పేర్లు తెల్వయి. గడి నిండకపోతే ముందటికి పోదు, నింపేటోనికి టైం లేదు. ఇగ మీరు తక్కువనా? పేషెంట్ల చేతుల కాయిదం పెడితేనే టెస్ట్ చేసినట్టు. కంప్యూటర్‌ల ఉందంటే ఒక్కరు నమ్మరు."

"నేను నమ్మానక్కా."

ఆమె తర్వాతి పేషెంట్‌ని పిలిచింది.

ఆ ఇంజెక్షన్ అయ్యి ఇప్పుడు ఏడో నెల. చిక్కడపల్లిలో మా ఇంట్లోనే ఉన్నాడు నాన్న. వాకర్‌తో వంటింటి దాకా నడుస్తాడు. కుడిచెయ్యి భుజం దాకా లేస్తుంది, వేళ్ళు ఇంకా మాట వినవు. మాటలు దాదాపు పదిహేను ఉన్నాయి. స్పీచ్ థెరపిస్ట్ చెప్పింది, ఏళ్ళ తరబడి నోట్లో నానినవే ముందు వస్తాయని. అందుకని "నీళ్ళు" రాలేదు గానీ ఆర్టికల్ నంబర్లు వచ్చాయి. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే "త్రీ ఫిఫ్టీటూ" అంటాడు. ఎమర్జెన్సీ ఆర్టికల్. మొదటిసారి విని నేనూ అమ్మా నవ్వి నవ్వి ఆగిపోయి, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేకపోయాం. కోచింగ్ సెంటర్‌లో కొత్త సార్ వచ్చాడు. బాగా చెప్తాడట. మధ్యలో బ్రేక్ కూడా ఇస్తాడట.

ఇంకా మెరుగవుతాడా అని అడిగితే "ఆరు నెలల్లో వచ్చేవే ఎక్కువ. తర్వాత స్లో" అంది డాక్టర్. ఆరు నెలలు అయిపోయాయి.

పోయిన వారం ఫైలు తీశాను. నల్ల పలక నాన్న ముందు పెట్టి మొత్తం చెప్పాను. యాదగిరన్న షాపు, కౌంటర్, పైనున్న మెషిన్, భయపడి చెప్పకపోవడం, "అనుకుంటున్నా మేడం". ఆరు నెలల కింద అడిగిన ప్రశ్నకి జవాబు. జోకుల్లేకుండా చెప్పడం నాకు అలవాటు లేదు. చాలాసేపు పట్టింది.

నాన్న ఎడమచేత్తో దాన్ని తీసుకున్నాడు. కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు, ఆ రోజు డాక్టర్ చూసినట్టే. నోరు కదిపాడు. ఏదో వెతుక్కుంటున్నాడు. నేను ఎదురుచూశాను. అమ్మ వంటింటి గుమ్మంలో ఆగింది.

"నెక్స్ట్" అన్నాడు.

క్లాసులో ఒక టాపిక్ అయిపోగానే ఆయన అనే మాట అది. నన్ను వదిలేశాడో, ఆ పదిహేనిట్లో అదే నోటికందిందో నాకు తెలియదు. ఇంకోసారి అడిగే ధైర్యం లేదు. అడిగినా మళ్ళీ "నెక్స్ట్" అంటాడు.

ఇలాంటివి రాసినవాళ్ళు చివర ఒక సలహా ఇవ్వాలంటారు. ఆసుపత్రులు మారాలని, మెషిన్లన్నీ ఒకే పద్ధతిలో మాట్లాడుకోవాలని రాద్దామనుకున్నాను. ఆ అట్టపెట్టె గుర్తొచ్చి ఆగాను. నాకు తెలిసింది ఇంతే: ఈసీజీ కాగితం వేడికి నల్లబడుతుంది. చేతికి రాగానే జిరాక్స్ తీయించండి. ఏ4 సైజులో పడుతుంది. అడ్డంగా పెట్టాలి.